పెద్దోడి వాదన సరే, చిన్నోడి చేతికిచ్చే సంచీ సంగతేంటమ్మా?

ఉత్తరం:

నమస్తే అండీ. మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. మా ఆయన రైసుమిల్లులో పని చేస్తారు. ఇద్దరు మగపిల్లలు. పెద్దోడికి 19, విజయనగరంలో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాడు. చిన్నోడికి 14, తొమ్మిదో తరగతి. దసరా సెలవులకు పెద్దోడు వచ్చినప్పుడు ఉతుకుదామని బ్యాగులో బట్టలు తీస్తుంటే ఖాళీ బీరు టిన్ను దొరికింది. అడిగితే దాచలేదు, పైగా నాకే పాఠం చెప్పాడు. "ఓటు 18కే ఇచ్చారు, లైసెన్సు 18కే ఇచ్చారు, ఆర్మీలోకి 18 నిండకుండానే తీసుకుంటున్నారు, బీరుకు మాత్రం 21 ఏంటమ్మా? గోవాలో 18, జర్మనీలో 16. ఇక్కడ కూడా తగ్గించాలి, అప్పుడు దొంగచాటుగా తాగే పని ఉండదు" అన్నాడు. నేను పదో తరగతితో ఆగిపోయిన దాన్ని, వాడికి ఏం చెప్పాలో తెలియలేదు. మా ఆయనకు చెబితే "గుంటడు బయటెక్కడో తాగీసి పడిపోడం కన్నా ఇంటికాడ నా ముందర ఒక బీరు తాగితే ఏటి తప్పు? సంక్రాంతికి నేనే పోస్తాను, హద్దులో ఉంటాడు" అన్నారు. మా ఆయన కూడా రోజూ రాత్రి ఒక క్వార్టర్ తీసుకుంటారు గానీ ఎవరితోనూ గొడవ పడరు, చిన్నోడు వెళ్లి బెల్టు షాపులో తెచ్చి ఇచ్చేస్తాడు, తాగి పడుకుంటారు. వయసు తగ్గించాలన్న వాడి మాట సరైందేనా? ఇంట్లో పోయడం మంచిదేనా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివాను. రెండు ప్రశ్నలు అడిగారు, రెండింటికీ జవాబు చెబుతాను. కానీ మీరు ప్రశ్నగా కూడా అడగకుండా ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది, నాకు నిద్ర పట్టనివ్వనిది అదే, దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు పెద్దబ్బాయి వాదన. వాడు అబద్ధం చెప్పకుండా ఎదురు నిలబడి మాట్లాడాడంటే మీ ఇంట్లో ఇంకా మాట్లాడుకునే వీలుందన్నమాట. అందుకే "పెద్దోళ్లతో వాదిస్తావా" అని నోరు మూయించకండి. వాడు అడిగినవి నిజమైన ప్రశ్నలు, నిజమైన జవాబులే ఇవ్వాలి.

మొదట వాడు చెప్పిన వయసులు. మన దగ్గర ఓటు వయసు కూడా ఒకప్పుడు 21 ఏళ్లే, 61వ రాజ్యాంగ సవరణతో 1989లో 18 అయింది. అంటే చట్టంలో వయసులు మారతాయి, అందులో వింతేమీ లేదు. కాకపోతే అన్నిటికీ ఒకే వయసు ఎప్పుడూ లేదు. ఓటు వేయడానికి 18 చాలు గానీ సర్పంచిగా నిలబడాలంటే 21 నిండాలి, ఎమ్మెల్యేకీ ఎంపీకీ 25, రాజ్యసభకు 30, రాష్ట్రపతికి 35. సొంత బైకు 18కి నడపొచ్చు, అదే ట్రాన్స్‌పోర్టు బండి నడపాలంటే 20 నిండాలి. మగపిల్లాడికి పెళ్లి 21. ఏ పనికి ఏ పాటి నిలకడ కావాలో చూసి దేనికి దానికి విడిగా గీసిన గీతలివి. ఆర్మీ సంగతి మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు, తెల్లారక ముందే కాలేజీ గ్రౌండుల్లో పరుగులు తీసే పిల్లలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఆ వయసులో ఒళ్లు బాగా వంగుతుంది, నేర్పింది నేర్చుకుంటుంది, అందుకే తీసుకుంటారు. తీసుకున్నాక లేవడం దగ్గర్నుంచి పడుకోవడం దాకా పై అధికారి అజమాయిషీలో ఉంచుతారు. హాస్టల్ మేడ మీద నలుగురు ఫ్రెండ్స్‌తో తాగేటప్పుడు అలా చూసేవాళ్లెవరున్నారు?

మందుకు ఎక్కువ వయసు పెట్టడానికి కారణం మెదడు. మనిషి మెదడు ఇరవై ఏళ్లు దాటాక కూడా పెరుగుతూనే ఉంటుంది, పాతికేళ్ల దాకా అనుకోండి. చిట్టచివర తయారయ్యేది నుదుటి వెనక ఉండే భాగం, ఇక చాలు అని ఆపేదీ ఇది చేస్తే ఏమవుతుందని లెక్క వేసేదీ అదే. మందు ముందుగా మసకబార్చేది కూడా సరిగ్గా ఆ భాగాన్నే. అమెరికాలో వేలమందిని అడిగి 1997లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 14 ఏళ్లకో అంతకు ముందో తాగడం మొదలుపెట్టినవాళ్లలో నూటికి సుమారు 40 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు, 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో సుమారు 10 మంది. చిన్నప్పుడే తాగేవాళ్ల ఇళ్లలో వేరే కష్టాలు కూడా ఉంటాయి కాబట్టి తేడా అంతా మందు వల్లే అని నేను అనను. కానీ మొదటి గ్లాసు ఎంత ఆలస్యమైతే అంత మేలు అనే డాక్టర్లు సాధారణంగా చెబుతారు.

ఇక తగ్గిస్తే ఏమవుతుంది అన్నది. దీనికి ఊహ అక్కర్లేదు, తగ్గించి చూసిన దేశాలున్నాయి. అమెరికాలో 1971లో ఓటు వయసు 18కి దించారు, దించగానే అచ్చం మీ అబ్బాయి వాదనే అక్కడి పిల్లలూ చేశారు, ఓటుకు పనికొచ్చినవాళ్లం బీరుకు పనికిరామా అని. చాలా రాష్ట్రాలు తాగే వయసు కూడా తగ్గించేశాయి. తర్వాత కుర్రాళ్ల రోడ్డు ప్రమాదాలు పెరిగాయి, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు సంఘాలు కట్టి వీధుల్లోకి వచ్చారు, 1984లో అక్కడి కేంద్ర ప్రభుత్వం 21 పెట్టని రాష్ట్రాలకు రోడ్ల డబ్బుల్లో కోత పెడతామని చట్టం చేసింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ మళ్లీ 21కే వచ్చాయి. ఇలా కూడా గొడవ తీరిపోలేదు లెండి. 2008లో వందకు పైగా కాలేజీల అధ్యక్షులు కలిసి, 21 వల్ల పిల్లలు గదుల్లో దాక్కుని ఒక్కసారిగా ఎక్కువ తాగేస్తున్నారు, దీని మీద మళ్లీ చర్చ జరగాలి అని సంతకాలు చేశారు. దొంగచాటు గురించి మీ అబ్బాయి అన్న మాట ఇదే, దాన్ని తీసిపారేయలేం. అయినా చట్టం మారలేదు, ప్రాణాల లెక్క 21 వైపే ఉంది కాబట్టి.

నాకు బాగా గట్టిగా తగిలింది మాత్రం న్యూజిలాండ్ సంగతి. వాళ్లు 1999లో మందు కొనే వయసు 20 నుంచి 18కి తగ్గించారు. తర్వాత మందుతో ముడిపడిన రోడ్డు ప్రమాదాల్లో దెబ్బలు తిన్న పిల్లల లెక్కలు పరిశోధకులు చూస్తే, 20 దాటినవాళ్లతో పోల్చినప్పుడు 18, 19 ఏళ్లవాళ్లలోనే కాదు, 15 నుంచి 17 ఏళ్లవాళ్లలో కూడా పెరిగాయని తేలింది. వాళ్లకు చట్టం ఏమీ ఇవ్వలేదు కదా, ఎలా పెరిగాయి? ఆలోచిస్తే తేలికే. పదిహేనేళ్ల పిల్లాడికి పాతికేళ్లవాళ్లతో స్నేహం ఉండదు, పద్దెనిమిదేళ్ల సీనియర్‌తో ఉంటుంది, అన్నతో ఉంటుంది. కొనే వయసు 18 చేస్తే పక్కనున్న పదిహేనేళ్లవాడి దాకా సీసా నడిచి వెళ్తుంది. ఈ వయసు పరిమితి 19 ఏళ్లవాడిని అవమానించడానికి పెట్టింది కాదు, వాడి వెనకాల ఉన్న చిన్నవాళ్ల దాకా మందు చేరకుండా పెట్టింది. మీ పెద్దబ్బాయికి ఇది చెప్పండి. "నీ గురించి కాదురా, తమ్ముడి గురించి" అనండి. నా జవాబు కూడా ఇదే, తగ్గించకూడదు.

ఇప్పుడు ఆ తమ్ముడి దగ్గరికి వస్తాను.

"చిన్నోడు వెళ్లి బెల్టు షాపులో తెచ్చి ఇచ్చేస్తాడు" అని రాశారు. పద్నాలుగేళ్ల పిల్లాడు. మీరు మామూలుగా రాశారు, ఎందుకంటే మన ఊళ్లలో ఇది నిజంగానే మామూలైపోయింది, నేనూ ఈ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషినే, సాయంత్రమయ్యేసరికి చేతిలో చిన్న సంచీ పట్టుకుని కిళ్లీ కొట్టు వెనక్కో ఎవరింటి పెరట్లోకో వెళ్లే పిల్లల్ని చూస్తూనే పెరిగాను. ఉప్పుకు పంపినట్టు, పాల ప్యాకెట్టుకు పంపినట్టు పంపిస్తాం. చిల్లర మిగిలితే ఉంచుకోమంటాం. ఆ పిల్లాడు దాంట్లో ఏం నేర్చుకుంటున్నాడో ఒక్కసారి ఆలోచించండమ్మా. ఏ బ్రాండు ఎంతో వాడికి తెలుసు. సీలు ఎలా తీయాలో తెలుసు. రోజూ కాకపోయినా సీసా అడుగున నాన్న వదిలేసిన చుక్క ఎలా ఉంటుందో కూడా తెలిసే ఉంటుంది, తెలియకపోతే మన అదృష్టం. అన్నిటికన్నా ముఖ్యంగా, డబ్బులిస్తే ఇక్కడ ఎవ్వరూ వయసు అడగరని వాడికి తెలుసు. చట్టంలో 21 అని రాసుంది, పెద్దోడు దాని మీద ఇంత వాదిస్తున్నాడు, ఇక్కడ 14 ఏళ్లవాడు రోజూ కొని తెస్తున్నాడు. మీ ఇంటి వరకు ఈ చర్చ ఎప్పుడో అయిపోయింది, వయసు 14కి దిగిపోయింది. చాలా ఇళ్లలో అంతే.

చట్టం ఏమంటుందో కూడా మీకు తెలియాలి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు, లైసెన్సు ఉన్న షాపుకైనా సరే. బెల్టు షాపుకు అసలు లైసెన్సే లేదు, అక్కడ ఎవరికి అమ్మినా నేరమే. ఇక పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం, 2015 ఉంది. దాని 77వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలకు మద్యం ఇచ్చినా ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 78వ సెక్షన్ పిల్లలచేత మద్యం అమ్మించడం, మోయించడం, సరఫరా చేయించడం గురించి, శిక్ష అంతే. మీ ఆయన మీద కేసు పెట్టమని నేను చెప్పడం లేదు, భయపడకండి. కానీ మిల్లులో పని చేసుకునే మనిషికి ఇది నేరమని తెలిసి ఉండదు, తెలిస్తే కొడుకుని పంపే ముందు చెయ్యి ఆగుతుంది. రాత్రి తాగి ఉన్నప్పుడు మాత్రం ఈ మాట ఎత్తకండి. పొద్దున్న పనికి వెళ్లే ముందు, టీ తాగేటప్పుడు, పిల్లలు వినకుండా, అరవకుండా ఒకే మాట చెప్పండి. "తాగుతారో మానేస్తారో తర్వాత మాట్లాడుకుందాం, ఈ రోజు నుంచి చిన్నోడు మాత్రం వెళ్లడు." కావాలంటే ఆయనే వెళ్లి తెచ్చుకుంటారు. మీరు కూడా వెళ్లొద్దు.

ఆయన ఒప్పుకోకపోతే? మొదటిరోజు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు చిన్నోడితోనే చెప్పించండి, "నాన్నా, నేను వెళ్లను" అని. కొడుకు నోటి నుంచి వచ్చిన మాట తండ్రికి వేరేగా తగులుతుంది. అయితే ఆ మాట అన్నందుకు వాడికి దెబ్బలు పడే ప్రమాదం ఉందనుకుంటే ఈ దారి వద్దు, ఆయన మాట వినే పెద్దమనిషి ఎవరైనా ఉంటారు, మీ మావగారో మీ అన్నో, వాళ్లచేత చెప్పించండి. ఇక బెల్టు షాపు నడిపేవాళ్లు. పల్లె కదా, వాళ్లు మీకు ఏదో వరసైనవాళ్లే అయ్యుంటారు, ఎదురుపడితే పలకరించుకునేవాళ్లే అయ్యుంటారు, ఇదే అన్నిటికన్నా కష్టం. ఒంటరిగా గొడవకు వెళ్లకండి. మీ డ్వాక్రా సంఘంలో ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్లి, పిల్లల చేతికి సీసా ఇవ్వొద్దని మామూలుగానే అడగండి. వినకపోతే సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు, ఎక్సైజ్ స్టేషన్ ఉంది, పిల్లల సంగతి కాబట్టి 1098కి ఫోన్ చేయొచ్చు.

చదువు తక్కువని మీరు వెనకాడుతున్నట్టు రాశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా కొట్లు మూయించిన ఆడవాళ్లు అప్పుడప్పుడే రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లు. అక్కడ మొదలైంది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. తర్వాత 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. పదో తరగతి చదివిన మీరు మీ వీధిలో పిల్లలకు అమ్మకుండా ఆపలేరా?

రెండో ప్రశ్న, సంక్రాంతికి తండ్రి చేత్తో బీరు. మీ ఆయన మనసులో ఉన్నది చెడ్డది కాదు, అది నాకు అర్థమైంది. కొడుకు ఎక్కడో పడిపోకూడదనే ఆయన తాపత్రయం. చాలామంది తండ్రులు ఇలాగే అనుకుంటారు, విదేశాల్లోనూ అనుకున్నారు, అందుకే దీన్ని పరీక్షించి చూశారు. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లల్ని హైస్కూల్ మొదట్లో పట్టుకుని ఆరేళ్లపాటు గమనించి, 2018లో ఫలితాలు చెప్పారు. తల్లిదండ్రులు ఇచ్చినందువల్ల పిల్లలు హద్దులో ఉన్న దాఖలా కనిపించలేదు. ఇంట్లో ఇచ్చిన పిల్లలు బయట కూడా తెచ్చుకుని తాగడమే ఎక్కువైంది. ఇంట్లో పోస్తే అది బయట తాగడానికి బదులు అవ్వదు, దానికి తోడవుతుంది. వాళ్లు చూసింది మీ పెద్దోడి కన్నా చిన్నవాళ్లని, నిజమే, కానీ ఆ పండగ రోజు అదే వసారాలో మీ చిన్నోడూ కూర్చుని ఉంటాడు కదా. అన్నకు 19కి నాన్నే పోశాడు, నాకు ఎప్పుడు పోస్తాడు అని వాడు లెక్క వేసుకోడా?

జర్మనీలో 16కి బీరు, వైన్ ఇస్తారు, మీ అబ్బాయి చెప్పింది నిజమే, ఘాటు మందుకు మాత్రం అక్కడ కూడా 18. కానీ అక్కడి అలవాటు వేరు, ఇక్కడి అలవాటు వేరు. అక్కడ చాలా ఇళ్లలో భోజనంతో పాటు నెమ్మదిగా తాగుతారు, అలాగని వాళ్లకు కష్టాలు లేవని కాదు. మన దగ్గర మగవాళ్లు కనుమ నాడైనా గ్రామదేవత పండగకైనా, మామూలు రోజైనా, తాగేది నిషా ఎక్కడానికి, గబగబా, ఖాళీ కడుపుతో, సీసా అయిపోయేదాకా. దేశం మొత్తం మీద 2019లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో మగవాళ్లు నూటికి 27 మంది తాగుతారు, ఆడవాళ్లు 2 శాతం కూడా లేరు. ఎక్కువమంది తాగనే తాగరన్నమాట, కానీ తాగేవాళ్లలో 5 కోట్ల 70 లక్షల మందికి వైద్యసాయం కావాల్సినంత ముదిరింది. మొత్తం తాగేవాళ్లు 16 కోట్లు. అంటే ముగ్గురిలో ఒకరు. తాగినా హద్దులో ఉంటాడు అనే నమ్మకం మీద కొడుకును పందెం కాయగలమా?

"ఒక్క బీరే కదా" అనే మాటకు కూడా లెక్క చెబుతాను, ఇది ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి బాగా ఎక్కుతుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది, అంటే 52 మిల్లీలీటర్లు. మీ ఆయన తాగే క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, దాంట్లో 42.8 శాతం, అంటే 77. ఒక్క స్ట్రాంగ్ బీరు తాగితే క్వార్టర్‌లో మూడింట రెండు వంతులు తాగినట్టే, 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులు నాలుగు కొట్టినట్టే. ఒంట్లోంచి అది దిగడానికి పెగ్గుకు సుమారు గంట పడుతుంది, అంటే నాలుగు గంటలు. నిమ్మరసం తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ టైము తగ్గదు. బీరు మందు కాదన్నట్టు మాట్లాడుకుంటారు మన కుర్రాళ్లు, అది చాలా ప్రమాదమైన మాట.

కాబట్టి సంక్రాంతికి పోయొద్దు. ఆయన తన కోసం తెచ్చుకున్నా పిల్లల ముందు వద్దని అడగండి, పండగ పూట ఆ ఒక్కటీ ఒప్పుకోవచ్చు.

అయితే మీరు వద్దన్నంత మాత్రాన మీ పెద్దోడు విజయనగరంలో మానేస్తాడని నేను అనుకోను. అందుకని వాడితో ఇంకో మాట కూడా ఉండాలి. "నువ్వు తాగడం నాకిష్టం లేదు, 21 దాకా ముట్టొద్దు, ఆ తర్వాత కూడా ముట్టకపోతేనే నాకు సంతోషం" అని మీ మనసులో ఉన్నది సూటిగా చెప్పేయండి, నాన్చొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. ఆ వెంటనే చెప్పండి, ఒకవేళ తాగితే బండి ముట్టుకోవద్దని, తాగినవాడి బండి వెనకా ఎక్కొద్దని. విజయనగరం నుంచి మీ ఊరు రావాలంటే హైవే ఎక్కాలి, ఆ లారీల మధ్య ఒక్క క్షణం కన్ను మూతపడితే చాలు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే, మొదటిసారికే పది వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఆ కేసు అడ్డం రావచ్చని కూడా చెప్పండి, ఆ భయం కొందరికి ప్రాణభయం కన్నా బాగా పని చేస్తుంది.

నాటుసారా జోలికి అసలే పోవద్దని చెప్పండి. ఏజెన్సీ వైపు నుంచి, ఒడిశా బోర్డరు నుంచి వచ్చే సరుకులో ఏం కలిపారో అమ్మినవాడికీ తెలియదు, మిథనాల్ అనే విషం కలిస్తే కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది. ఫ్రెండ్ ఎవడైనా తాగి లేపినా లేవకుండా పడి ఉంటే "పొద్దున్నకు తేలిపోతాడు" అని గదిలో వదిలేయకూడదు, వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. వాంతి గొంతులోకి పోయి చనిపోయే పిల్లలుంటారమ్మా, తిడతారన్న భయంతో ఎవరికీ చెప్పక చనిపోతారు. అందుకే "ఏ రాత్రయినా, ఏ స్థితిలో ఉన్నా నాకు ఫోన్ చెయ్యి, ఆ రాత్రి ఒక్క మాట అనను" అని వాడికి చెప్పండి, చెప్పి నిలబడండి. మీ ఆయన వాడికివ్వాలనుకున్న రక్షణ ఇదే, దానికి బీరు అక్కర్లేదు.

మన దగ్గర వయసు తగ్గిస్తారా అని కూడా మీకు అనుమానం ఉండొచ్చు. దేశంలో ఇది రాష్ట్రానికో తీరు. గోవాలో 18, పుదుచ్చేరిలో 18, మన యానాం దాని కిందికే వస్తుంది. మనకూ తెలంగాణకూ ఒడిశాకూ 21. కేరళ 2017లో 21 నుంచి 23కి పెంచింది. హర్యానా 2021లో 25 నుంచి 21కి తగ్గించింది. కర్ణాటక 2023 జనవరిలో 18కి తగ్గిద్దామని ముసాయిదా తెచ్చి, జనం ఒప్పుకోకపోయేసరికి వెనక్కి తీసుకుంది. తగ్గించమని అడిగేవాళ్లు స్వేచ్ఛ గురించి మాట్లాడతారు, కొందరు నిజంగానే నమ్మి మాట్లాడతారు, వాళ్లను నేను గౌరవిస్తాను. కానీ ఖజానాకు మందు డబ్బు ఎంత తీపో మన రాష్ట్రంలో అందరికీ తెలుసు, తగ్గిస్తే కొత్తగా లక్షలమంది కొనేవాళ్లు వస్తారు. రాజ్యాంగం 47వ అధికరణంలో మద్యాన్ని తగ్గించే దిశగా పని చేయమని ప్రభుత్వాలకు చెప్పింది. దానికి ఎదురు నడిచే ముందు ఇప్పుడున్న 21ని ఒక్క ఏడాదైనా నిజంగా అమలు చేసి చూపించమని నేను అడుగుతాను. కౌంటర్ దగ్గర ఆధార్ చూపించమని అడగడానికి ఎంత సేపు పడుతుంది?

చివరగా మీ ఆయన. గొడవ చేయరు, తాగి పడుకుంటారు అని రాశారు, అందులో కాస్త ఊరట కనిపించింది, మన చుట్టూ చూసేవి అలాంటివి మరి. కానీ రోజూ క్వార్టర్ అంటే రోజూ ఆరు పెగ్గులు, అది మామూలు అలవాటు కాదు, లివర్‌కూ బీపీకీ నిద్రకూ అన్నిటికీ తగిలే కొలత. ఒకరోజు తాగకపోతే చేతులు వణుకుతున్నాయా, చెమటలు పడుతున్నాయా, చిరాకు పడుతున్నారా గమనించండి. అలా ఉంటే ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం ఇంట్లో చేయకండి, ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, డాక్టరు మందులతో దించుకుంటూ రావాలి. గుళ్లో ఒట్టు వేయించడం, ఎవరో ఇచ్చిన పొడి ఆయనకు తెలియకుండా కూరలో కలపడం, ఈ రెండూ వద్దు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి, మిల్లుకు సెలవున్న రోజు చూసుకుని ముందే ఫోన్ చేసి ఓపీ వేళలు కనుక్కోండి. వెళ్లడానికి ఆయన సిగ్గుపడితే ముందు 14446కి ఫోన్ చేసి మాట్లాడించండి, అది మత్తు మాన్పించడానికి పెట్టిన జాతీయ నంబరు, డబ్బులు కట్టక్కర్లేదు. మీకు టెన్షన్ ఎక్కువై నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, మీ కోసం మీరు ఫోన్ చేసుకోవచ్చు. ఆయనతో మాట్లాడాక ఏమన్నారో, చిన్నోడిని పంపడం ఆగిందో లేదో నాకు మళ్లీ రాయండి. ఆగకపోతే కూడా రాయండి, ఆ పరిస్థితిలో ఏం చేయాలో అప్పుడు విడిగా చూద్దాం.